పదకొండో మంచం తోడుమనిషి

ఆవపల్లి,
24 మార్చి 2025

తమ్ముడు బాబూరావుకు,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు హుంగా. వెంట ఉన్నది అతని భార్య పొజ్జే. ఊరు ఇప్పగూడ, ఆవపల్లి నుంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి. నిన్న తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, కుడి తొడ ఎముక విరిగింది. చెక్కలు పెట్టి కట్టాను. బీజాపూర్‌లో ఎక్స్‌రే ఫోటో తీసి, జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపుతారు. ఇద్దరికీ హిందీ రాదు. ఇంట్లో దోర్లీ మాట్లాడతారు, మన తెలుగు నిదానంగా చెప్తే అర్థమవుతుంది. నీకు నిదానం తెలియదు కాబట్టి ముందే రాస్తున్నాను.

వీళ్లను బండి ఎక్కించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఊరి నుంచి ఒకాయన ఎప్పుడో జగదల్‌పూర్ వచ్చి, మీ ఆసరా సమితి అన్నం పెడుతుందని తెలియక, వారం రోజులు బిస్కెట్ల మీద బతికి వైద్యం మధ్యలోనే తిరిగొచ్చాడట. ఊరంతా అదే చెప్పుకుంటుంది. పొజ్జే నన్ను ఒకటే అడిగింది. "ఆడ మాకు బువ్వ ఎవరు పెడ్తరు సిస్టరమ్మా?" అంది. "మా తమ్ముడున్నడు. రెండు పూటలా పెడ్తడు" అన్నాను. ఆ మాట మీదే బయలుదేరారు. మాట ఇచ్చింది నేను, నిలబెట్టాల్సింది నువ్వు.

ఫోన్ చేస్తే సరిపోదా అని ప్రతిసారీ అడుగుతావు. ఇక్కడ టవరు ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే టవరు ఉండదు. పైగా చేతిలో నా కాగితం ఉంటే మీ గేటు దగ్గర వీళ్లను ఎవరూ ఆపరు. తిరిగొచ్చే వాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతనే జవాబు పంపు.

మరదలికి మోకాలి నొప్పి తగ్గిందా?

అక్క
సుమిత్ర

*

జగదల్‌పూర్,
30 మార్చి

అక్కకు నమస్కారాలు.

నువ్వు పంపిన బాలింత నందే చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. బిడ్డ రెండు కిలోల మూడు వందలకు వచ్చాడు, నిన్న ఆసుపత్రి నుంచి ఛుట్టీ ఇచ్చారు. ఆవపల్లిలో దిగగానే నీ దగ్గరికే రమ్మన్నాను.

హుంగాకు ఎముకల వార్డులో పదకొండో మంచం దొరికింది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. తొడలో రాడ్డు వేయాలి. రక్తం ఎనిమిదిన్నర ఉంది, తొమ్మిది దాటితేగానీ కత్తి పట్టుకోనన్నాడు డాక్టరు. మా రక్తదాన సంఘం వాళ్లు వచ్చి ఒక సీసా ఇచ్చి వెళ్లారు. "ఎక్కించింది నిలవాలంటే మనిషి తినాలి" అని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. ఏప్రిల్ ఆఖరులోగా ఆపరేషన్ కాకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుంది. అప్పుడు చెట్టెక్కడం మాట అటుంచి, కర్ర లేకుండా నడవడం కూడా కష్టమట. పొజ్జేకు ఇదంతా నిదానంగానే చెప్పాను.

మా పని ఎలా ఉందో కూడా రాస్తున్నాను. ఈ ఊళ్లో దయకు కొదవ లేదు. ఇబ్బందల్లా అందరికీ ఆదివారమే దయ కలగడం. ఆదివారం గురుద్వారా వాళ్ల భోజనం, చర్చి ఆడవాళ్ల చీరలు, బజారు వర్తకుల అరటిపళ్లు, కాలేజీ పిల్లల బ్రెడ్డు. రోగి ఒక చేత్తో బ్రెడ్డు, ఇంకో చేత్తో అరటిపండు పట్టుకుని ఫోటోకు కూర్చుంటాడు. బుధవారం వస్తే మా అన్నం తప్ప మరేమీ లేదు. నేను ఒక పట్టిక గీసి, ఎవరు ఏ రోజు రావాలో రాసి అందరికీ పంచాను. అందరూ మెచ్చుకున్నారు. మొన్న ఆదివారం మళ్లీ అందరూ వచ్చారు.

ఆసుపత్రి వంటగది మరమ్మతులో ఉంది. అందుకని ఎముకల వార్డు రోగులకూ, వాళ్ల తోడుమనుషులకూ మార్చి నుంచి మేమే పెడుతున్నాం. పళ్లెంలో అన్నం వేసి దాని మీదే పప్పు పోసి ఇస్తాం. రెండు వందల మంది లైను గంటలో కదలాలంటే అలాగే చేయాలి. నువ్వు పంపిన ఇద్దరూ సగం పళ్లెం వదిలేస్తున్నారు. మా వంటావిడ పూనం కాంకేర్ వైపు మనిషి, చప్పగా వండుతుంది. వీళ్ల నోటికి ఏం కావాలో చెప్పు, చేయిస్తాను.

నీ మరదలి మోకాలు అలాగే ఉంది. నొప్పి తగ్గలేదు, నన్ను తిట్టడమూ తగ్గలేదు.

నీ తమ్ముడు
బాబూరావు

*

ఆవపల్లి,
4 ఏప్రిల్

బాబూ,

నందే బిడ్డను తూచాను, ఇంకో యాభై గ్రాములు పెరిగాడు. ఈ కాగితం తెచ్చేది ఇర్మె. చెవిలో చీము, రెండు రోజుల పని.

ఇప్పపువ్వు రాలుతోంది. ఊళ్లలో మనుషులు దొరకడం లేదు, అందరూ తెల్లారకముందే చెట్ల కింద ఉంటున్నారు. టీకాలు వేయడానికి నేనూ చెట్ల కిందికే తిరుగుతున్నాను. అందుకే పొడుగు ఉత్తరం రాయలేను.

ఇంత చిన్న విషయం నన్ను అడగాలా? నువ్వు భోపాల్‌పట్నంలో పుట్టినవాడివి కావా? మన పక్క మనిషికి నాలుకకు పులుపు తగలకపోతే ముద్ద దిగదు. పప్పులో రోజూ పులుపు వెయ్యమను. పళ్లెం కడిగినట్టు ఖాళీ అవుతుంది చూడు.

హుంగా కాలు నీ చేతిలో పెట్టాను.

సుమిత్ర

*

జగదల్‌పూర్,
11 ఏప్రిల్

అక్కకు,

ఇర్మె చెవికి మందు వేయించాం. రోజుకు మూడు చుక్కలు. ఎడమ చెవి, గుర్తుంచుకో.

నీ మాట ప్రకారం ఏడో తారీకు నుంచి రోజూ పప్పులో పులుపు వేయిస్తున్నాను. పూనం ముఖం చిట్లించినా వినలేదు. ఫలితం ఏమిటంటే, సగం తినే మీవాళ్లు ఇప్పుడు బొత్తిగా తినడం మానేశారు. మొదటి రోజు హుంగా పళ్లెమంతా తిన్నాడు. రెండో రోజు నుంచి ముట్టుకోలేదు. వీళ్లిద్దరే కాదు, ఉసూర్ వైపు నుంచి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలు కూడా. వద్దని చెప్పరు. లైనులో నిలబడతారు, టోకెన్ ఇస్తారు, పళ్లెం తీసుకుంటారు, దండం కూడా పెడతారు. తరువాత వెనక కుళాయి దగ్గరికి వెళ్లి కుక్కలకు పోసి, పళ్లెం తళతళా కడిగి తెచ్చి ఇస్తారు. రెండు రోజులు నాకు తెలియనే లేదు. పళ్లెం ఖాళీగా వస్తోందని నేనూ సంతోషించాను.

నిన్న మా అధ్యక్షుడు దేవేంద్ర గారు కళ్లారా చూశారు. ఆయనకు ఇనుప సామాన్ల దుకాణం, మనిషి మంచివాడు. ఏమీ అనలేదు, నా వైపు చూశారు, అంతే. ఆ చూపు నేను భరించలేకపోయాను. పొజ్జేను పిలిచి అడిగాను. "కడుపు నిండింది అన్నా" అంది. ఎక్కడ తిన్నావంటే తల వంచుకుంది. కొట్లో మరమరాలు కొంటోందని గేటు మనిషి చెప్పాడు.

మూడు రోజులు వరసగా అన్నం పారేసిన వాళ్లకు పళ్లెం ఆపాలని మా నియమం. రాసింది నేనే. ఈ రోజు నుంచి ఆ మూడు కుటుంబాలకూ ఆపాను. బయట కొనుక్కునే శక్తి ఉన్నట్టుంది, లైనులో ఉన్న వాళ్లకైనా దక్కుతుంది. హుంగా రక్తం ఎనిమిది పాయింట్ తొమ్మిది దాకా పెరిగి, మళ్లీ ఎనిమిదికి దిగింది. డాక్టరు నన్ను కోప్పడ్డాడు.

నాకు బాధగా ఉందక్కా. పదకొండేళ్లుగా వండిస్తున్నాను, కుక్కలకు పోయించుకోవడం ఇదే మొదలు.

బాబూరావు

*

ఆవపల్లి,
15 ఏప్రిల్

బాబూరావూ,

నీ ఉత్తరం చదివాను. పళ్లెం ఆపావా? వాళ్ల నోటి ముందు నుంచి అన్నం తీశావా? నేనిచ్చిన మాట ఏమైంది?

ఆ ఊరివాళ్లు ఇప్పగింజ ఒక్కటి రాలినా వంగి ఏరుకుంటారు. అన్నం పారేసే మనుషులు కారు. పారేశారంటే అది తినే తిండి కాదన్నమాట. పాచిది పెట్టావో, పురుగుల బియ్యం వండించావో, లేదా మీ సమితిలో ఎవరో పొజ్జేను ఏదో అన్నారో. పట్నంలో అన్నం పెట్టే వాళ్లకు అన్నంతో పాటు నాలుగు మాటలు వడ్డించే అలవాటు ఉంటుంది. మీ దేవేంద్ర గారి చూపు నువ్వే భరించలేకపోయావు కదా, అడవిలో నుంచి వచ్చిన ఆడమనిషి ఎట్లా భరిస్తుంది? ఇనుము అమ్ముకునే ఆయనకు మావాళ్లంటే చిన్నచూపు ఉండదని ఎట్లా నమ్మను?

"కడుపు నిండింది" అంటే నిజమనుకున్నావా? పెట్టిన వాడి ముఖం మీద బాగాలేదని చెప్పడం వాళ్లకు రాదు. నీకు ముప్పై ఏళ్లుగా హిందీలో అర్జీలు రాసి రాసి మనుషుల మాట వినే చెవి పోయింది.

ఈ రోజే పళ్లెం ఇవ్వు. నియమం మార్చుకో. రాసింది నువ్వే కదా.

సుమిత్ర

*

జగదల్‌పూర్,
18 ఏప్రిల్

సిస్టర్ సుమిత్ర గారికి, ఆవపల్లి ఉపకేంద్రం.

తమరి ఉత్తరం అందింది. ఆరోపణలకు వరసగా సమాధానం మనవి చేసుకుంటున్నాను.

పురుగుల బియ్యం: బియ్యం మిల్లు నుంచి కొత్తవి. నేను స్వయంగా చేత్తో తీసి చూస్తాను. పాచి: పొద్దున పది గంటలకు వండింది పన్నెండున్నరకు ముగుస్తుంది, మిగలదు. గిన్నెలో ఏముంటుందో కూడా రాస్తాను. కందిపప్పు, పసుపు, ఉప్పు, ఎండుమిర్చి, ఉల్లిపాయ, తమరి ఆజ్ఞ మేరకు పులుపు కోసం పచ్చి మామిడికాయ. అందులో దాపరికం ఏమీ లేదు. తమరు చిన్నచూపు అంటగట్టిన దేవేంద్ర గారే తన తోటలో కోయించి రోజు విడిచి రోజు నాలుగు గంపలు పంపుతున్నారు. "బీజాపూర్ వాళ్ల కోసమైతే ఇంకో గంప ఎక్కువే వెయ్యండి" అని నౌకర్లకు చెప్పారట.

పళ్లెం మళ్లీ తెరిచాను. తమరు చెప్పినందుకు కాదు, పదకొండో మంచం మీది మనిషి చిక్కిపోతున్నాడు కనుక. పొజ్జే వచ్చి లైనులో నిలబడింది, తీసుకుంది, మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లింది. ఇంక నేను చేయగలిగింది లేదు.

ఆపరేషన్ ముప్పయ్యో తారీకుకు పెట్టారు, రక్తం తొమ్మిది ఉంటేనే. మరో సీసాకు సంఘం కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. కానీ నిన్న హుంగా నాతో అన్నాడు, "కోత వద్దన్నా, మమ్మల్ని ఇంటికి పంపు." ఏందిరా కారణమంటే గోడ వైపు తిరిగాడు. పొజ్జే బస్టాండులో బీజాపూర్ బస్సు వేళ అడిగి వచ్చింది. ఈ ఉత్తరం ఆ బస్సు కండక్టరుకే ఇస్తున్నాను, రోగుల చేత పంపే తీరిక లేదు.

ఇట్లు,
బి. బాబూరావు
మేనేజరు, ఆసరా

*

ఆవపల్లి,
20 ఏప్రిల్

తమ్మీ,

పచ్చి మామిడికాయా?

పులుపంటే నేను చింతపండు అనుకుని రాశాను. చింతపండే వేస్తావనుకున్నాను. తప్పు నాది, మొత్తం నాదే. నీకు అన్నన్ని మాటలు రాసినందుకు సిగ్గుగా ఉంది. దేవేంద్ర గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. చెప్పడానికి మొహం చెల్లకపోతే ఈ కాగితమే చూపించు.

విను. ఇక్కడ ప్రతి ఊరూ మామిడికాయ పండుగ చేస్తుంది. ఆ ఏటి కాయను ముందు ఊరి దేవత దగ్గర పెట్టి, పూజారి చేతి మీదుగా ఇంటింటికీ పంచుకుని తింటారు. అప్పటిదాకా ఒక్కరు కూడా నోట పెట్టరు. చెట్టు కింద రాలి కుళ్లినా సరే, పిల్లలు కూడా ముట్టరు. ఎవరైనా ముందే తింటే ఆ కీడు తిన్నవాడికే కాదు, ఊరికంతా తగులుతుందని భయం. తేదీ ఏ ఊరిది ఆ ఊరిదే. ఒక ఊళ్లో అయిపోతుంది, పక్క ఊళ్లో నెల తరువాత చేస్తారు. ఇప్పగూడలో ఇంకా కాలేదు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఏడూ నన్ను పిలుస్తున్నారు, వెళ్లి తిని వస్తున్నాను. అయినా నాకు తట్టలేదు.

హుంగా మొదటి రోజు పళ్లెమంతా తిన్నాడని రాశావు. తెలియక తిన్నాడు. అందుకే కోత వద్దంటున్నాడు. తప్పు చేసిన ఒంటి మీద కత్తి పడితే ఇక లేవనని అతని భయం. నువ్వు పెట్టినది కనుక నీకు చెప్పలేక గోడ వైపు తిరిగాడు.

ఈ రోజు నుంచే వాళ్లకు ఉత్త అన్నం, ఉప్పు, మిరపకాయ, ఉడికించిన గుడ్డు ఇప్పించు. అన్నం మీద ఏమీ పోయవద్దు. నేను రేపు ఇప్పగూడ వెళ్తున్నాను. మూడు రోజులుగా టవరు లేదు, అందుకే ఇదీ కండక్టరు చేతికే.

నా మీద కోపం ఉంటే తరువాత తీర్చుకో.

అక్క

*

ఆవపల్లి,
23 ఏప్రిల్

బాబూ,

ఇప్పగూడ వెళ్లి వచ్చాను. పూజారి ముయా ఇంటి ముందు కూర్చుని, పండుగ ఎప్పుడు చేస్తారని అడిగాను. "హుంగా వచ్చినంక" అన్నాడు.

 సంగతేమిటంటే, పండుగ నాడు ప్రతి ఇంటి పొయ్యి నుంచి ఒక మనిషి కాయ పట్టుకుని రావాలి. ఒక్క ఇంటి తలుపు మూసి ఉన్నా చేయరు. హుంగా ఇంటికి తాళం ఉంది, పిల్లలు లేరు, తల్లిదండ్రులు పోయారు. అందుకని ముప్పై నాలుగు ఇళ్ల వాళ్లు ఆగిపోయారు. పండుగ అయ్యేదాకా కోత వద్దని అతను అక్కడ పడుకున్నాడు, అతను వచ్చేదాకా పండుగ వద్దని వీళ్లు ఇక్కడ కూర్చున్నారు. చెట్ల కింద కాయలు పండి ఈగలు ముసురుతున్నాయి. ఒక్కరు కూడా విసుక్కోలేదు. నేనే విసుక్కున్నాను.

"ఆడ ఆయన కాలు పోతది పెద్దాయనా, తొందరగా చెయ్యండి" అన్నాను. ముయా ఆలోచించాడు. "ఆడమనిషి వచ్చినా ఆ ఇంటి పొయ్యి వచ్చినట్టే. పొజ్జేను పిలువు. ఆమె వచ్చిన మరునాడే చేస్తం. తెలియక తిన్న దానికి ఆమె చేతనే కోడి ఇప్పిస్తం, అయిపోతది" అన్నాడు.

పొజ్జే రెండు మూడు రోజులు రావాలి. తోడుమనిషి లేకుండా రోగిని వార్డులో ఉంచరని నాకు తెలుసు. నేను వస్తానంటే ఇక్కడ ఇద్దరు నిండు గర్భిణులు ఉన్నారు, ఇవాళో రేపో. మీ సమితిలో ఎవరినైనా కూర్చోబెట్టు. ఉచ్చ, దొడ్డి చూసుకునే మనిషి కావాలి, ఫోటో దిగి పోయేవాడు కాదు.

సుమిత్ర

*

జగదల్‌పూర్,
28 ఏప్రిల్

అక్కకు నమస్కారాలు.

నేనే కూర్చున్నాను.

నీ కాగితం తీసుకుని నలుగురిని అడిగాను. చక్రాల కుర్చీలు దానం చేసే వాళ్లు కుర్చీ ఇస్తామన్నారు. చర్చి ఆడవాళ్లు మగ వార్డులో కూర్చోలేమన్నారు, నిజమే. కాలేజీ పిల్లలకు పరీక్షలు. చివరకు మా ఇంట్లో నీ మరదలు, "ఊళ్లో అందరి తలుపులూ తడతారు గానీ, మీకు చేతులు లేవా?" అంది. ఇరవై అయిదు పొద్దున పొజ్జేను బస్సెక్కించి, పాస్ మీద నా పేరు రాయించుకున్నాను. పదకొండో మంచం, తోడుమనిషి, బాబూరావు. సంబంధం దగ్గర ఏం రాయాలని అడిగితే గుమాస్తా ఒక గీత గీశాడు.

పదకొండేళ్లుగా ఆ వార్డులోకి వెళ్లి వస్తున్నాను, ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోవడానికి స్టూలు లేదని ఇప్పుడే తెలిసింది. రోజూ నాకు సలాం చేసే గేటు మనిషి డాక్టర్ల రౌండ్ రాగానే, "తోడుమనుషులంతా బయటికి" అని నన్నూ తరిమాడు. తప్పేమీ లేదు, పాస్ మీద అలాగే ఉంది. ఉచ్చ డబ్బా పట్టడం మొదటిసారి కష్టంగా ఉంది. హుంగాకు నాకంటే కష్టంగా ఉంది, కళ్లు మూసుకున్నాడు. రెండో రోజుకు ఇద్దరమూ అలవాటు పడ్డాం.

మన అన్నం లైను సంగతి విను. పదకొండున్నరకు మొదలై పన్నెండున్నరకు ముగుస్తుంది. సరిగ్గా అదే గంటలో డాక్టరు గారు తిరుగుతారు. వార్డు తలుపు దగ్గర నుంచి కదిలితే మందుల చీటీ పోతుంది, కదలకపోతే అన్నం పోతుంది. మొదటి రోజు నేను పన్నెండు ముప్పై అయిదుకు చేరాను. నా బదులు లైను చూస్తున్న దేవేంద్ర గారు గరిటె పట్టుకుని, "నియమం మీదే బాబూరావ్‌జీ" అన్నారు, గిన్నె బోర్లించి చూపించారు. ఆ రోజు నేనూ మరమరాలే తిన్నాను. ఇప్పుడు లైను రెండింటి దాకా ఉంటుంది.

నీ క్షమాపణ కాగితం దేవేంద్ర గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వి, "ముందే తెలిస్తే మామిడికాయలు ఊరగాయ పెట్టించేవాణ్ణి" అన్నారు. ఇకపై కాయ పప్పులో వేయం. వేరే గిన్నెలో పెడతాం, కావాలన్నవాళ్లు వేసుకుంటారు. ఉసూర్ కుటుంబాలను కూడా అడిగాను. ఒకళ్ల ఊళ్లో పండుగ అయిపోయిందట, అయినా పక్క మంచం మనిషి తినకుండా ఉంటే మేమెట్లా తింటామన్నారు.

ఉత్త అన్నం, గుడ్డు మొదలుపెట్టి వారమైంది. నిన్న సంఘం కుర్రాళ్లు రెండో సీసా ఇచ్చారు. రక్తం తొమ్మిది పాయింట్ రెండు. కానీ సంతకం పెట్టమంటే హుంగా ఇంకా పెట్టలేదు. పొజ్జే రేపు రావాలి. రాకపోతే ముప్పయ్యో తారీకు దాటిపోతుంది. నాకు భయంగా ఉంది. ఇంతకుముందు ఏ రోగికీ ఇలా భయపడలేదు, నిజం చెప్తున్నాను.

తమ్ముడు

*

జగదల్‌పూర్,
4 మే

అక్కా,

ఆపరేషన్ అయింది. రెండున్నర గంటలు పట్టింది. మత్తు దిగగానే, "ఉన్ననా?" అని అడిగాడు. "ఉన్నవు" అన్నాను. తొడ తడుముకుని మళ్లీ పడుకున్నాడు. ఎముక నిటారుగా నిలిచిందట, డాక్టరు ఫోటో చూపించాడు.

ముందు రోజు సంగతి రాయాలి. పొజ్జే ఇరవై తొమ్మిది సాయంత్రం బస్సు దిగి తిన్నగా వార్డుకు వచ్చింది. పండుగ అయిందని, ఊరంతా తిన్నదని, పూజారి కోడిని కోసి తప్పు తీర్చాడని ఒక్క ఊపిరిలో చెప్పింది. కొంగులో నుంచి ఆకు పొట్లం తీసి హుంగా చేతిలో పెట్టింది. ఉప్పు కలిపిన మామిడి ముక్కలు, నలుపెక్కి ఉన్నాయి. అతను ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. తరువాత, "కాగితం తే" అన్నాడు, వేలిముద్ర వేశాడు.

అప్పుడు పొజ్జే రెండో పొట్లం తీసి నాకిచ్చింది. ఎవరికిది అన్నాను. ముయా లెక్క ప్రకారం ముప్పై నాలుగు ఇళ్లకూ పంచాక, "హుంగా దగ్గర ఎవరున్నరు?" అని అడిగాడట. "బువ్వ పెట్టే అన్న కూసున్నడు" అని ఈమె చెప్పిందట. "అట్లయితే ఆయన ఇప్పుడు ఆ ఇంటి మనిషే. ఆయన తినకపోతే పండుగ అయినట్టు కాదు" అని విడిగా కట్టి పంపాడు.

నా పరిస్థితి ఆలోచించు. మార్చి మధ్య నుంచి మా ఇంట్లో మామిడికాయ పప్పు, పచ్చడి, పులిహోర. చెప్పకుండా తినేయవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆ ముక్క చేతిలో పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయాను. "నేను ఇప్పటికే తిన్నాను హుంగా. చాలా తిన్నాను" అన్నాను.

అతను నా వైపు చూశాడు. ఆ మంచం మీద పడ్డ నెల రోజుల్లో మొదటిసారి నవ్వాడు. కాలికి కట్టిన బరువు ఊగేటంత నవ్వాడు. "తిన్నది తిన్నవులే అన్నా. నీకు చెప్పేటోళ్లు ఎవరున్నరు? వచ్చే ఏడు మేం పిలిచేదాక ఆగు" అన్నాడు.

తిన్నాను. చాలా పుల్లగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, పులుపుకని చెప్పాను.

బాబూరావు

*

ఆవపల్లి,
7 ఏప్రిల్ 2026

తమ్మీ,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు హుంగా. రోగి కాదు. మంచం చూడకు, చీటీ రాయకు, టోకెన్ ఇవ్వకు. ఇప్పగూడ నుంచి ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు కర్ర లేకుండా నడిచి వచ్చాడు. నా ముందు గుంజీ తీసి కూడా చూపించాడు, చాలు చాలన్నా వినలేదు.

ఈ ఏడు నువ్వు ఇంకా మామిడికాయ ముట్టుకోలేదని, ఇంట్లో వాళ్లు తింటుంటే వాకిట్లోకి వెళ్లి కూర్చుంటున్నావని మరదలు ఎవరి చేతనో కబురు పంపింది. ఆ మాట హుంగాకు చెప్పాను. మర్నాడే బయలుదేరాడు.

వచ్చే సోమవారం పండుగ. అంత దూరం ఎందుకు, నేను రాసి పంపిస్తానన్నాను. వద్దన్నాడు. బయటివాళ్లనైతే కబురుతో పిలవచ్చట, ఇంటి మనిషిని మాత్రం వెళ్లి వెంటబెట్టుకుని తేవాలట. గేటు దగ్గర ఆపుతారేమోనని ఈ కాగితం కూడా నేనే బలవంతంగా అతని చేతిలో పెట్టాను.

బట్టలు సర్దుకో. అతను కూర్చోడు, నువ్వు లేచేదాకా నిలబడే ఉంటాడు.

అక్క